ఆట చూసేవాణ్ణి చూసే కళ్ళు

క్రికెట్ మ్యాచ్‌ని స్టేడియానికి వెళ్ళి చూడాలా, ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూడాలా అన్న వాదన మన దగ్గర పాతదే. స్టేడియం పక్షం వాళ్ళకి మైదానమంతా ఒక్కసారిగా కళ్ళ ముందుండాలి. బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే కెప్టెన్ ఒక ఫీల్డర్‌ని రెండడుగులు పక్కకి జరపడం, బంతి గాల్లోకి లేచినప్పుడు వేల గొంతులు ఒక్కసారే ఆగిపోవడం టీవీలో దొరకవంటారు. టీవీ పక్షం వాళ్ళు టికెట్టు ధర, ఎండ, క్యూ, దాహం లెక్క చెప్తారు. బంతి బ్యాటు అంచుకి తగిలిందో లేదో పదిసార్లు తిప్పి చూపించే రీప్లే ఉండగా, అంత దూరం నుంచి కనపడేదెంత అని అడుగుతారు. రెండు పక్షాలూ నిజమే చెప్తున్నాయి. కానీ రెండూ ఒక సంగతిని చర్చ లేకుండానే ఒప్పేసుకున్నాయి. చూసేవాడు కేవలం చూసేవాడే, అతన్ని ఎవరూ చూడటం లేదు అన్న సంగతిని.

ముస్లిం ప్రేక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. ముఖ్యంగా ఇండియా, పాకిస్తాన్ ఆడే రోజున. అతను ఆటని చూస్తుంటాడు, అతని ముఖాన్ని ఇంకెవరో చూస్తుంటారు. వికెట్ పడ్డప్పుడు చప్పట్లు ఎంతసేపు కొట్టాడు, సిక్సర్ పోయినప్పుడు కళ్ళల్లో ఏం కనపడింది అన్నవి లెక్కలోకి వస్తాయి. అందుకే స్టేడియమా, టీవీనా అన్నది మనకి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఎక్కడ కూర్చుంటే ఆటని ఆటగా చూడనిస్తారన్నది మన ప్రశ్న.

తిరుపతి, చిత్తూరు వాళ్ళకి ఈ ప్రశ్నలో ఇంకో మెలిక ఉంది. మాకు గ్రౌండ్లున్నాయి. తిరుపతిలో ఇందిరా మైదానం, యూనివర్సిటీ గ్రౌండు, చిత్తూరులో మెసానికల్ మైదానం. అక్కడ జరిగేది మన వీధి పిల్లల ఆట. బాషా బంతికి రెడ్డి వికెట్ పోయినా, నాయుడు కొట్టిన బంతికి ఖాదర్ వాళ్ళ కిటికీ అద్దం పగిలినా అది వీధికీ వీధికీ మధ్య పోటీయే. పెద్ద మ్యాచ్ చూడాలంటే మాత్రం ఊరు దాటాలి. హైదరాబాద్ 500 కిలోమీటర్ల పైమాట. దగ్గరున్నవి రెండు. తిరుపతి నుంచి మద్రాసు చెపాక్ 150 కిలోమీటర్ల లోపే, చిత్తూరు నుంచి బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం 200 కిలోమీటర్ల లోపే. రెండూ పరాయి రాష్ట్రాలు. ఒకచోట అరవం, ఇంకోచోట కన్నడం. మా స్టేడియం ఊరుగాని ఊళ్ళో ఉంటుంది. మా టీవీ మాత్రం అందరికీ మా గడప తెలిసిన వీధిలో ఉంటుంది. ఈ చిన్న భౌగోళిక సత్యంలో మా కథ సగం ఉంది.

టీవీ మొదటినుంచీ ఇట్లా లేదు. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. షార్జాలో చేతన్ శర్మ వేసిన ఆఖరి బంతిని జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. అప్పుడు టీవీలున్న ఇళ్ళు తక్కువ. ఉన్న ఇంట్లో వీధి వీధంతా చేరేది. సాయిబులు, మొదలియార్లు, నాయుళ్ళు ఒకే చాప మీద కూర్చుని చూసిన కాలం. ఆ ఆఖరి బంతి దుఃఖానికి మతం అంటగట్టే వ్యవధి లేదు. పక్కవాడి ముఖం పక్కనే కనపడుతుంటే అనుమానానికి చోటెక్కడిది? ఆ టీవీ గది కూడా ఒక చిన్న స్టేడియమే.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. కేబుల్ వచ్చింది. అదే పదేళ్ళలో రథయాత్ర, బాబ్రీ కూల్చివేత కూడా వచ్చాయి. చాప చుట్టేశారు. చూపుకి గోడలొచ్చాయి. గోడ అవతల ఏం జరుగుతోందో కనపడనప్పుడే ఊహ పని మొదలుపెడుతుంది. "సాయిబుల వీధిలో టపాసులు కాల్చారంట" అన్న మాట అట్లా పుట్టింది. ఆ వాక్యంలో ముఖ్యమైన అక్షరాలు ఆఖరివే, 'అంట'. చూసినవాడు ఎప్పుడూ ఇంకెవరో. ఒక దినపత్రిక డెస్కులో పనిచేసే రోజుల్లో, మ్యాచ్ ఓడిపోయిన రాత్రి నన్నే ఆ వీధికి వెళ్ళి 'వాతావరణం' చూసి రమ్మన్నారు. వెళ్తే సగం ఇళ్ళల్లో దీపాలార్పేసి ఉన్నాయి. మిగతా సగంలో మన బౌలర్లని తిడుతున్నారు. తిరిగొచ్చి చెప్తే, "అయితే వార్త లేదన్నమాట" అన్నారు. నిజమే. మనం అందరిలాగే ఓటమికి బాధపడటం వార్త కాదు.

ఇక్కడ మనం కూడా నిజాయితీగా ఉండాలి. పాకిస్తాన్ గెలిస్తే సంతోషించే ముస్లిం ఒక్కడూ లేడని చెప్పడం అబద్ధం. ఉన్నారు. కొందరికి వసీం అక్రం ఎడమచేతి స్వింగ్ మీద ప్రేమ. అది ఆట మీద ప్రేమ. ఇంకొందరి కథ వేరు. టీ అంగడి దగ్గర పొద్దున్నే "ఏం బాషా, ఈ పొద్దు మీవాళ్ళు కొడతారా?" అని అడుగుతారు. అడిగేవాడు శత్రువు కాదు. అప్పిచ్చే మనిషే, పెళ్ళికొచ్చే మనిషే. పదేళ్ళు ఆ మాట విన్న కుర్రాడు ఒకరోజు విసిగి "ఔను, మావాళ్ళే" అంటాడు. ఆ కుర్రాడికి లాహోర్ ఎక్కడుందో తెలీదు. అతని నోట్లోకి ఆ మాట లాహోర్ నుంచి రాలేదు, మన టీ అంగడి నుంచే వచ్చింది.

'మీవాళ్ళు' అన్న మాటని కాస్త నిలబెట్టి చూడాలి. తెలుగులో అది చుట్టరికం మాట. పెళ్ళిలో ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళతో అనే మాట. మా సీమలో దేవుడికే తురకలతో చుట్టరికం కలిపారు. బీబీ నాంచారి కథ చెప్పుకుని, వెంకటేశ్వరుణ్ణి అల్లుడిగా భావించి, ఉగాది నాడు దేవుని కడప గుడికి వెళ్ళే ముస్లింలున్నారు. కొండ మీది దేవుడితో వరస కలిపిన నేల ఇది. ఈ నేల మీదే, ఎప్పుడూ చూడని పదకొండుమందిని మాకు చుట్టాలుగా అంటగట్టి, వరసైన వాళ్ళ నుంచి మమ్మల్ని విడదీసే పనికి ఆ చుట్టరికం మాటే వాడుతున్నారు. దీన్ని సరదా అనుకునేవాళ్ళకి చెప్పాల్సింది ఒకటే. సరదా అయితే ఎదురు సరదాకి కూడా చోటుండాలి. ఇక్కడ లేదు.

తెలుగు సాహిత్యంలో ఈ నొప్పిని మొదట గట్టిగా పట్టుకున్నది ఖాదర్ మొహియుద్దీన్. 1991లో వచ్చిన 'పుట్టుమచ్చ'లో క్రికెట్ పక్కన పెట్టదగ్గ ఉదాహరణ కాదు. దేశభక్తిని తూచే తక్కెడగా ఆట ఎట్లా మారిందో ఆ దీర్ఘకవిత మన ముందు పెట్టింది. అప్పటిదాకా ఇళ్ళల్లో గుసగుసగా ఉన్న అవమానానికి అది బహిరంగ భాష ఇచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చేనాటికి ఆ భాష ఒక తరానిదయింది. అయితే మన కవిత్వం ఎక్కువగా నిందపడ్డ మనిషి వైపు నుంచే మాట్లాడింది. అది అవసరం. కానీ ఆట చూసి ఆనందించే మనిషి, బంతి తిరుగుడు చూసి నోరు తెరిచే రసికుడు మన సాహిత్యంలో పెద్దగా కనపడడు. పోయింది పరువు ఒక్కటే కాదు, ఆనందం కూడా. ఆ నష్టాన్ని మనం ఇంకా లెక్కగట్టలేదు.

ఆ ఆనందం ఎట్లా ఉంటుందో మాకు దగ్గర్లోని చెపాక్ రెండుసార్లు చూపించింది. 1997 మే 21న సయీద్ అన్వర్ అక్కడ ఇండియా మీద 194 పరుగులు కొట్టాడు. అప్పటికి వన్డేల్లో అదే అత్యధికం. మద్రాసు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండోది 1999 జనవరి 31. పాకిస్తాన్ జట్టు పన్నెండేళ్ళ తర్వాత టెస్టులాడటానికి వచ్చింది. ఆ రాకని ఆపాలని శివసేన వాళ్ళు ఆ నెలలోనే ఢిల్లీ కోట్లా పిచ్ తవ్వేశారు. అట్లాంటి వాతావరణంలో చెపాక్ టెస్టు జరిగింది. 271 పరుగుల లక్ష్యం. టెండూల్కర్ నడుంనొప్పితో 136 కొట్టి వెళ్ళిపోయాక మిగతా వికెట్లు కూలాయి. పన్నెండు పరుగుల తేడాతో ఓటమి. ఒక క్షణం స్టేడియం మూగబోయింది. తర్వాత జనం నిలబడి గెలిచినవాళ్ళకి చప్పట్లు కొట్టారు. పాకిస్తాన్ ఆటగాళ్ళు మైదానం చుట్టూ తిరిగి ఆ చప్పట్లు అందుకున్నారు. ఓడిన జట్టు కెప్టెన్ హైదరాబాదీ ముస్లిం, అజారుద్దీన్. ఆ మధ్యాహ్నం చెపాక్ గ్యాలరీలో ఒక ముస్లిం కూర్చుని సక్లయిన్ ముస్తాక్‌కి చప్పట్లు కొట్టి ఉంటే, అతని చేతుల్ని వేరు చేసి చూసే పని ఎవరికీ లేదు. అందరి చేతులూ అదే పనిలో ఉన్నాయి.

మద్రాసువాళ్ళు మంచివాళ్ళని ఒక్కమాటతో తీసేస్తే దీంట్లోంచి నేర్చుకునేదేమీ ఉండదు. స్టేడియంలో కొట్టే చప్పట్లు ఆటగాడికి చేరతాయి. అవి అతని ఆటకి జవాబు. అతను తల తిప్పి చూస్తాడు, బ్యాటెత్తుతాడు. ఇంట్లో టీవీ ముందు కొట్టే చప్పట్లు ఆటగాడికి చేరవు. అవి చేరేది పక్కింటి గోడకి. స్టేడియంలో జవాబుగా ఉన్న చప్పట్లు ఇంట్లో సాక్ష్యంగా మారతాయి. ముస్లిం ప్రేక్షకుడి విషయంలో స్టేడియానికీ టీవీకీ ఉన్న అసలు తేడా ఇదే. రీప్లేలూ టికెట్టు ధరలూ దీని ముందు చిన్నవి.

ఈ జవాబు ఎంత దూరం వెళ్ళగలదో 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో తెలిసింది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన భారత ఫుట్‌బాల్ జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించింది. రాజకీయ కారణాలతో స్టేడియమంతా ఇండియా మీద కోపంగా ఉంది. ఆ జనంలో మన జట్టుకి అండగా అరిచినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మన ఆటగాళ్ళే తర్వాత గుర్తుచేసుకున్నారు. 'మీవాళ్ళు' అన్న మాట ఆ రోజు ఎవరికి వర్తిస్తుందో చెప్పగలరా?

అట్లాగని స్టేడియం గేటు దాటితే మనసు శుభ్రమవుతుందని అనుకోవడం అమాయకత్వం. చెపాక్ చప్పట్లు కొట్టిన మూడువారాలకే కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో టెండూల్కర్ రనౌట్ మీద గొడవ లేచింది. ఆఖరి రోజు పోలీసులు జనాన్ని బయటికి పంపేశాక ఖాళీ గ్యాలరీల మధ్య మ్యాచ్ ముగిసింది. 2023 ప్రపంచకప్‌లో ఒకే వారంలో రెండు స్టేడియాలు చూశాం. అక్టోబర్ 10న హైదరాబాద్ ఉప్పల్‌లో పాకిస్తాన్ శ్రీలంక మీద 345 పరుగుల లక్ష్యం ఛేదించింది. 131తో నిలిచిన రిజ్వాన్‌కి జనం చప్పట్లు కొట్టారు, అతను హైదరాబాద్‌కి కృతజ్ఞత చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో అదే రిజ్వాన్ అవుటై మెట్లెక్కుతుంటే మత నినాదాలు చెవిలో అరిచారు.

రెండు చోట్లా స్టేడియమే కదా, తేడా ఎక్కడ? అహ్మదాబాద్‌లో లక్షమందికి పైగా ఉన్నా ఎదుటి పక్షం ప్రేక్షకులు దాదాపు లేరు. పాకిస్తాన్ అభిమానులకి వీసాలు రాలేదు. అవతలి మనిషి ముఖం పక్కన లేని చోట ఎంతమంది కూర్చున్నా అది స్టేడియం కాదు, తలుపులు మూసిన పెద్ద ఇల్లు. ఆ తర్వాతి వారంలో బెంగుళూరు చిన్నస్వామిలో, ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కి వచ్చిన ఒక పాకిస్తాన్ అభిమానిని తన దేశం పేరుతో నినాదం చేయొద్దని ఒక పోలీసు ఆపాడు. ఆడుతున్న రెండు జట్లలో ఒకదాని పేరు గ్యాలరీలో పలకకూడదట! టీవీ గది చట్టం స్టేడియంలోకి కూడా వచ్చేసింది.

ఆ చట్టాన్ని తయారుచేయడంలో టీవీ వ్యాపారానికి వాటా ఉంది. 2015 ప్రపంచకప్ ముందు వచ్చిన 'మౌకా మౌకా' ప్రకటన గుర్తుందా? కరాచీ అభిమాని 1992 నుంచి టపాసుల పెట్టె పట్టుకుని పాకిస్తాన్ గెలుపు కోసం ఎదురుచూస్తుంటాడు. ప్రతిసారీ ఓటమే. బాగా తీశారు, నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు దేని మీద నిలబడింది? టపాసుల పెట్టె మీద. మన వీధుల్లో 'అంట'గా తిరిగిన పుకారు సరిగ్గా అదే పెట్టె. ప్రకటన తీసినవాళ్ళు మన మొహల్లాని ఉద్దేశించి ఉండకపోవచ్చు. కానీ ఆ పెట్టె ఎవరి ఇంటి అటక మీద ఉందని చూసేవాడు అనుకుంటాడో వాళ్ళు ఆలోచించలేదు. స్టేడియంలో కన్ను దేనిమీద నిలపాలో నేను నిర్ణయించుకుంటాను. టీవీలో ఇంకొకరు నిర్ణయిస్తారు, ప్రకటన విరామంలో ఎవర్ని చూసి నవ్వాలో కూడా.

పుకారు పుకారుగా ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. 2014లో మీరట్‌లో పాకిస్తాన్ గెలుపుకి కేకలేశారని 67 మంది కాశ్మీరీ విద్యార్థుల్ని యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. 2017లో మధ్యప్రదేశ్ బుర్హాన్‌పూర్ జిల్లాలో ఒక పల్లె ముస్లింల మీద టపాసులు కాల్చారన్న ఆరోపణతో కేసు పెట్టారు. ఆరేళ్ళు తిరిగాక 2023లో కోర్టు నిర్దోషులంది. 2021లో ఆగ్రాలో ముగ్గురు కాశ్మీరీ విద్యార్థుల్ని జైల్లో పెట్టారు. చప్పట్లు అక్షరాలా సాక్ష్యమయ్యాయి.

మన ఇంటి లోపలి గోడ గురించి కూడా మాట్లాడాలి. ఇంట్లో చూడటం మగవాడికి భయమైతే, ఆడవాళ్ళకి అదొక్కటే దారి. చెపాక్‌కి వెళ్ళే బస్సులో మన అమ్మలూ చెల్లెళ్ళూ ఎప్పుడున్నారు? టీవీ వచ్చాకే వాళ్ళకి ఆట కనపడింది, అదీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి. ఇరాన్‌లో స్టేడియంలోకి వెళ్ళబోయి పట్టుబడి, కేసు భయంతో ఒంటికి నిప్పంటించుకున్న సహర్ ఖొదాయారి 2019 సెప్టెంబరులో చనిపోయింది. ఆ తర్వాతి నెలలో ఇరాన్ ఆడవాళ్ళు ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌కి టికెట్టు కొనుక్కుని వెళ్ళారు. మన హైదరాబాద్ పిల్ల సానియా మీర్జా 2005లో ఆడుతుంటే కొందరు ముల్లాలు ఆట వదిలేసి గౌను పొడుగు కొలిచారు. 2014లో ఆమెని తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్ చేస్తే ఒక బీజేపీ నాయకుడు 'పాకిస్తాన్ కోడలు' అన్నాడు. కొలబద్దలు వేరు, కొలిచే కళ్ళు ఒకటే. చూసే హక్కు మనకి కావాలని అడిగేవాళ్ళం, ఇంట్లో సగంమందికి అది ఇచ్చామా అని కూడా అడగాలి.

1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబ్బిట్ అనే నాయకుడు వలస వచ్చిన ఆసియావాళ్ళకి ఒక పరీక్ష పెట్టాడు. మీరు ఏ జట్టు గెలవాలని అరుస్తారో అదే మీ దేశమన్నాడు. మన పత్రికలు దాన్ని జాత్యహంకారమన్నాయి. సరిగ్గానే అన్నాయి. 2015 సెమీఫైనల్లో సిడ్నీ గ్యాలరీల్లో సగానికి పైగా ఇండియా నీలిరంగే. వాళ్ళల్లో ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ళూ ఉంటారు. అక్కడి జీతం, అక్కడి పాస్‌పోర్టు, అరిచేది మాత్రం ఇండియాకి. దాన్ని మనం ముచ్చటగా 'మట్టి మీద ప్రేమ' అంటాం. నేనూ అంటాను. అది తప్పు కాదు. మరి వలస రాని, పుట్టిన మట్టి వదలని, తాతముత్తాతల సమాధులు ఈ ఊళ్ళోనే ఉన్న చిత్తూరు సాయిబుకి ఆ పరీక్ష ఎందుకు? బ్రిటన్‌లో జాత్యహంకారమైంది చిత్తూరులో దేశభక్తి ఎట్లా అవుతుంది?

ఈ పరీక్షకి ఆఖరు లేదన్నది ఆటగాళ్ళ చరిత్రే చెప్తుంది. 1960-61లో పాకిస్తాన్ మీద సరిగ్గా ఆడలేకపోయిన హైదరాబాదీ అబ్బాస్ అలీ బేగ్‌కి నిందల ఉత్తరాలొచ్చాయి. 2021 అక్టోబరులో దుబాయ్ ఓటమి తర్వాత మహమ్మద్ షమీకి అవే ఉత్తరాలు ఫోన్లలో వచ్చాయి. జట్టు మొత్తం పది వికెట్ల తేడాతో ఓడితే ద్రోహి ఒక్కడే దొరికాడు. అప్పటి కెప్టెన్ కోహ్లీ అతని పక్కన గట్టిగా నిలబడ్డాడు, ఆ మాట మరువకూడదు. రెండేళ్ళ తర్వాత షమీ ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద ఏడు వికెట్లు తీస్తే అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 2007లో వచ్చిన 'చక్ దే ఇండియా' చెప్పిందీ ఇదే. పాకిస్తాన్ మీద గోలు తప్పిపోయిన కబీర్ ఖాన్‌ని ఊరు వెలివేస్తుంది. ప్రపంచకప్ తెచ్చి ఇచ్చాకే తన ఇంటి గడప తొక్కగలుగుతాడు. సినిమా బాగుంది, మన పక్షానే ఉంది. కానీ అది పరీక్షని తప్పుపట్టలేదు, కబీర్ ఖాన్ పాసయ్యాడని మాత్రమే చెప్పింది. ఏడు వికెట్లు తీయలేని, ప్రపంచకప్ తేలేని మామూలు మనిషి, పూలంగడి పెట్టుకున్న మనిషి, ఆటో తోలే మనిషి ఏం చూపించి ఇంటికి రావాలి?

ఈ భయంతోనే మనవాళ్ళు కొందరు మ్యాచ్ రోజున అవసరానికి మించి జెండాలు కడుతున్నారు, కెమెరాలు రాగానే ముఖానికి మూడు రంగులు పూసుకుంటున్నారు. జెండా మనదే. ఇష్టంతో పట్టుకునే జెండాని ఎవరూ కాదనరు. రుజువు కోసం పట్టుకున్న జెండా మాత్రం పరీక్ష పెట్టే హక్కు అవతలివాడికుందని ఒప్పుకోవడమే. ఒకసారి ఒప్పుకుంటే వచ్చే మ్యాచ్‌కి ఇంకా పెద్ద జెండా కావాలి.

సెక్యులర్ మిత్రులు మన తరఫున మాట్లాడేటప్పుడు కూడా తరచుగా ఇదే జారుడులో పడతారు. "ముస్లింలు ఇండియానే గెలవాలనుకుంటారు, నేను హామీ" అంటారు. ఆ హామీ వద్దు. మాలో అత్యధికులు ఇండియా గెలవాలనే కోరుకుంటారు. అది మా ఇష్టం, మా ఆనందం, మా జామీను కాదు. మాకు కావాల్సింది హామీదారు కాదు, మ్యాచ్ చూస్తుంటే పక్కన కూర్చునే మనిషి. స్టేడియం టికెట్టు అందరికీ దొరకదు. చెపాక్ చప్పట్లు ప్రతి ఏడాదీ రావు. కానీ చాప మన ఇళ్ళల్లోనే ఉంది. తలుపు తీసి, చాప పరిచి, పక్కింటివాణ్ణి పిలిచి చూస్తే టీవీ గది మళ్ళీ స్టేడియమవుతుంది. అప్పుడు అక్రం లాంటివాడు ఇంకొకడు వచ్చి మన వికెట్ పడగొట్టినా, "అబ్బ, ఏం వేశాడు!" అన్న మాట ఎవరి నోట్లోంచి ముందొచ్చిందో ఎవరికీ గుర్తుండదు.